నెమలిమెడ రూపాయలు

ఇటు జరిగి కూర్చోండమ్మా, ఆ టీవీ కాసేపు ఆపండి. శుక్రవారం పొద్దున్నే పంకజాక్షి చింతపండు నానబెట్టింది. పప్పులోకి కాదు. మరి ఎందులోకో వినండి.

బళ్ళారి బజారులో స్టీలు సామాన్ల అంగడి వాళ్ళది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో కాపురం. పెద్దకోడలు పంకజాక్షి, చిన్నకోడలు అంబిక. అత్తగారు పోయేముందు తన ట్రంకులోని పాత వెండి రూపాయలను ఇద్దరికీ చెరిసగం పంచింది. దీపావళి లక్ష్మీపూజలో పెట్టేవి తెల్లగా ఉన్నాయి. గుడ్డమూటలో అడుగున పడి ఉన్నవి రంగు మారిపోయాయి.

“అంబికా, ఈ మసిపట్టినవన్నీ నువ్వు తీస్కో. నీ తెల్లవి నాకియ్యి,” అంది పంకజాక్షి ఆ రోజే.

“నిజంగానా అక్కా? మళ్ళీ అడగకూడదు!”

“నాకు బేడ, వద్దు తల్లీ! నా చేతిలో పడితే చెంబన్నా అద్దం కావల్ల. మసి నాకు కిట్టదు.”

అంబిక కంటికి అది మసి కాదు. అంచున నీలం, లోపల వంగపండు రంగు, నడుమ తేనెరంగు. ఎండలో తిప్పితే నెమలిమెడే. ఏళ్ళ తరబడి గుడ్డలోనో కాగితంలోనో ఉన్న వెండికి తనంతట తానే పట్టే రంగు అది. ఆ రంగు పిచ్చి పట్టుకుని అంబిక ఎనిమిదేళ్ళు తిరిగింది. బంగారు అంగళ్ళలో కరిగించడానికి వచ్చిన పాత రూపాయల్లో ఏరింది. రూపనగుడిలో సిద్దక్క అనే ముసలామె పెట్టె అడుగున దొరికిన నాలుగింటి కోసం మూడుసార్లు బస్సెక్కింది. ఒక్కోదాన్నీ విడిగా చుట్టి ఓ రేకు డబ్బీలో పెట్టుకుంది.

“ఏందే, మళ్ళా మసి తెచ్చినావా? సబీనా పౌడరు ఆడ ఉండాది, తీస్కో,” అని పంకజాక్షి నవ్వేది.

నవ్విన ఆ నోరు బుధవారం మూతపడింది. హుబ్బళ్ళి నుంచి గురురాజ్ అనే నాణేల వ్యాపారి వచ్చి, భూతద్దం పెట్టి ఒక్కో రూపాయీ చూశాడు.

“తోమలేదు కదమ్మా?”

“అంచు తప్ప ముట్టుకోలేదప్పా,” అంది అంబిక.

“అట్లయితే సరి. రంగు పోయిందంటే తూకం వెండే. రంగుంటే...” అని కాగితం మీద ఒక అంకె వేసి చూపించాడు.

కాఫీ తెచ్చిన పంకజాక్షి ఆ అంకె చూసింది. గ్లాసులు కింద పెట్టి మళ్ళీ చదివింది.

ఆ దుడ్డుకు పిండి పట్టే గిరణి వస్తుంది. ఇంటి ముందుగదిలో గిరణి పెట్టుకుంటానని నాలుగేళ్ళుగా పంకజాక్షి తన మొగుడు మల్లికార్జునయ్యను అడుగుతోంది. “యాడుండాది దుడ్డు?” అని ఆయన ప్రతిసారీ ఒకటే మాట. తన చేత్తో ఎత్తి ఇచ్చిన రూపాయలు ఇప్పుడు చిన్నకోడలికి గిరణి అంత ధర పలుకుతున్నాయి. ఆ కాఫీ గ్లాసులను పంకజాక్షి ఒకటికి మూడుసార్లు తోమింది.

గురువారం అంబిక, ఊరికి పోతున్న గురురాజ్‌ను సాగనంపడానికి మొగుడితో కలిసి రైల్వే స్టేషను దాకా వెళ్ళి, నవ్వు బిగబట్టుకున్న ముఖంతో తిరిగి వచ్చింది.

“ఏందే, స్కూటీ చూసొచ్చినావా?” అంది పంకజాక్షి.

“నా స్కూటీ సంగతి ఉండనీ అక్కా. నీకేం కావల్లో చెప్పు.”

“నాకేం కావల్ల? నావి తెల్ల రూపాయలు. వాటిని యాడికీ అమ్ముకోను.”

“రేపు గురురాజప్ప మళ్ళా వస్తాండాడు. డబ్బీ దేవుని గూట్లో పెట్టినా. నువ్వు కూడా ఇంట్లోనే ఉండక్కా.”

‘చూసి ఏడవమని కాబోలు’ అనుకుంది పంకజాక్షి.

శుక్రవారం అంబిక గుడికి వెళ్ళింది. ఇటు పంకజాక్షి గూట్లోని డబ్బీ మూత తీసింది. లోపల సగమే ఉన్నాయి. ‘మిగతా సగం నన్ను నమ్మక బీరువాలో దాచుకుందన్నమాట! నేనేమన్నా దొంగనా?’ అప్పటిదాకా కాస్త వెనకాడుతున్న చెయ్యి ఆ మాటతో గిన్నె అందుకుంది. చింతపండు పిసికింది, విభూతి చల్లింది, అదీ చాలక సబీనా వేసి పీచుతో రుద్దింది. నీలం పోయింది. వంగపండు రంగు పోయింది. తేనెరంగు మొండికేస్తే ఇంకోసారి రుద్దింది. భుజాలు లాగేశాయి కానీ ప్రాణం హాయిగా ఉంది. పూజవెండి తోమడం ఆ ఇంట్లో పెద్దకోడలి పనే. శుక్రవారం పూటా తోమిందని ఆమెను తప్పుపట్టేదెవరు?

అంబిక గుడి నుంచి వచ్చాక, గురురాజ్ వచ్చి డబ్బీ తెరిచాడు. భూతద్దం బయటికి తీయనే లేదు.

“ఎవరమ్మా ఈ పని చేసింది?”

“నేనేనప్పా,” అంది పంకజాక్షి, గొంతులో తేనె పోసుకుని. “లక్ష్మీదేవి ముందర మసి రూపాయలు పెడతారా ఎవరన్నా? శుక్రవారమని కడిగినా. ఎట్ల మెరుస్తాండాయో చూడు!”

“మెరుస్తాండాయి తల్లీ. కొంటానని తెచ్చిన దుడ్డు వాపసు తీస్కపోతా. ఇంగ వీటికి తూకం ధరే.”

అతడు చెప్పులేసుకున్నాడు. అంబిక డబ్బీ ముందు కూలబడి ఒక రూపాయిని తీసింది, అంచు పట్టుకునే. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా జారాయి. పంకజాక్షి గుమ్మానికి ఆనుకుని, తిట్టు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. వస్తే తిప్పికొట్టడానికి నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకుంది.

తిట్టు రాలేదు.

ఈ కథ గుర్తుంచుకోండమ్మా. తోడికోడళ్ళున్న ఏ ఇంటికి వెళ్ళినా చెప్పండి. ఏది మరిచినా, తలెత్తి అంబిక అన్న ఆ ఒక్క మాట మాత్రం మరవకండి.

“నా సగం నిన్ననే అమ్మినానక్కా, ఇవి నీవి.”