నడకను బట్టి

"టికెట్ సంగతి తర్వాత. ముందు ఊదు!" అన్నాడు కండక్టరు.

బస్సంతా ఘొల్లున నవ్వింది.

మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని తూలుతున్న మనిషి నోరు తెరిచాడు. మాట ముద్దగా వచ్చింది.

"నే...ను తాగ...ను."

"తాగినవాడెవడు ఒప్పుకున్నాడు మహరాజా! దిగు, దిగు. బస్సులో ఆడవాళ్ళున్నారు."

ఆ మనిషి పాదం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ దిగాడు. కండక్టరు ఈల వేశాడు.

తాగుబోతుల్ని పట్టడంలో తనను మించినవాడు లేడని కండక్టరుకు గట్టి నమ్మకం. వాసన అక్కర్లేదు, నడక చాలు అంటాడు. ఈ మనిషికి 'ఊయల' అని పేరు పెట్టిందీ తనే. ఊయల ఎప్పుడూ ఆసుపత్రికే టికెట్ అడిగేవాడు. కండక్టరు మనసు బాగుంటే ఎక్కనిచ్చేవాడు, లేకపోతే దించేసేవాడు.

ఈ మధ్య మనసు బాగుండటం లేదు.

కండక్టరుకు ఒక్కగానొక్క కూతురు. పసితనంలో తెరిపిలేని విరేచనాలు. బడికెళ్ళే ఈడుకు కళ్ళల్లో శుక్లాలు, వాటికి ఆపరేషన్. ఇప్పుడు మడమల వెనక గట్టి ఉబ్బు. చదునైన నేల మీద కూడా తూలుతోంది.

"క్లాసులో నన్ను తాగుబోతు అంటున్నారు నాన్నా," అందొక రోజు.

కండక్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే బడికెళ్ళి టీచర్లను దులిపేశాడు.

"పిల్ల నడక చూసి అనే మాటేనా అది? నోళ్ళా, తాటిమట్టలా?"

తన దాకా వస్తే గానీ తెలియదంటారు. వచ్చినా తెలియలేదు.

కంటి డాక్టరు పంపితే పిల్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి చెప్పింది.

"కాలేయం కొలెస్ట్రాల్‌ని పైత్యరసంగా మార్చాలి. ఆ పని చేసే ఎంజైమ్ పాపకు లేదు. దాంతో కొలెస్టనాల్ ఎక్కువగా తయారవుతోంది. కొలెస్ట్రాల్‌కి కవల తమ్ముడనుకోండి. అది కళ్ళల్లో, మడమల్లో, మెదడులో పేరుకుంటోంది."

"అంటే, దిగాల్సినవాళ్ళు దిగరు, ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉంటారు. అంతేనా అమ్మా?"

"అచ్చం అంతే."

"మా వైపు గానీ, ఈయన వైపు గానీ ఎవరికీ లేదే!" అంది భార్య.

"మీ ఇద్దరిలోనూ ఒక్కో లోపం దాగుంది. పాపకి రెండూ వచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా."

"నయమవుతుందా?" అన్నాడు కండక్టరు.

"ఒంట్లో తయారుకాని పైత్య ఆమ్లాన్ని క్యాప్సూల్స్‌గా ఇస్తాం. ఇప్పుడే మొదలుపెడితే నడక నిలుస్తుంది. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. చిక్కల్లా, ఆ మందు బయటి దేశం నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

వారాలు గడిచాయి. మందు రాలేదు. పిల్ల గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. మందొచ్చిందేమోనని కండక్టరు పిల్లను వెంటబెట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో నర్సు పిలిచి చేతిలో ఓ క్యాప్సూల్స్ సీసా పెట్టింది.

"డాక్టరమ్మ వాడమన్నారు. ఎవరో పేషెంటు తన దగ్గర ఎక్కువున్నాయని ఇచ్చారు."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?"

"చెప్పొద్దన్నారు."

ఆ సీసా అయిపోయే వేళకు ఇంకొకటి వచ్చింది. దాని తర్వాత బయటి దేశం నుంచి రావాల్సిన మందే వచ్చింది. పిల్ల గోడ వదిలేసి నడిచింది.

కండక్టరుకు మళ్ళీ హుషారొచ్చింది.

"ఊయల కనబడటం లేదేం? బుద్ధొచ్చి మానేశాడంటావా?" అన్నాడు డ్రైవరుతో.

"నువ్వు దించీ దించీ విసుగొచ్చుంటుందిలే," అన్నాడు డ్రైవరు.

ఒకరోజు డ్యూటీ దిగి, ఆ దుస్తుల్లోనే ఆసుపత్రికెళ్ళాడు. చేతిలో పళ్ళ సంచి.

"ఈ రోజు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టే కదుల్తాను," అన్నాడు నర్సుతో.

ఇక దాచి లాభం లేదనుకుంది నర్సు. వార్డులో చివరి మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

మంచం మీద ఊయల ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. దుప్పటి బయట పాదాలు. మడమల వెనక అదే ఉబ్బు, కూతురికున్న దానికన్నా పెద్దది.

"ఈయన... తాగి కదా..."

"చుక్క ముట్టని మనిషండీ. మీ పాప జబ్బే. ఈయన చిన్నప్పుడు కనిపెట్టినవాళ్ళు లేరు. మందు దొరికేసరికి ముదిరిపోయింది. మిగిలిందైనా పోకుండా ఆ క్యాప్సూల్సే ఆపుతుండేవి."

"మరి ఎక్కువున్నాయన్నారుగా?"

"అబద్ధం చెప్పాడు. తను మింగాల్సినవి మానేసి తెచ్చిచ్చాడు. మాకు తెలిసేసరికే మనిషి పడిపోయాడు."

కండక్టరు మంచం కడ్డీ పట్టుకున్నాడు. 

"మా పాప అని... తెలియకే ఇచ్చుంటాడు కదమ్మా?"

నర్సు అతని ఖాకీ చొక్కా వైపు చూసింది.

"మిమ్మల్నీ పాపనీ వరండాలో చూశాకే ఇచ్చాడండీ... 'నన్ను దించేసే కండక్టరు గారి పాపకివ్వండి, రేపు దాన్ని ఏ బస్సులోంచీ ఎవరూ దించకూడదు' అన్నాడు."