ఉలికిపాటుకు ఉదాహరణ

సాయంత్రం అయిదింటికి ఉపన్యాసం. మూడున్నరకు మాస్టారికి వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఉపన్యాసం 'ఉలికిపాటు' అనే మాట గురించి. ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అన్న సంగతి. ముప్ఫై ఏళ్ళుగా మాస్టారు ఒక్కో మాటా ఒక్కో కార్డు మీద రాసి, నలభై చెప్పుల డబ్బాల్లో కూర్చిన నిఘంటువు అచ్చు వెయ్యాలో వద్దో ఇవాళ ఆ ఉపన్యాసం విని చెబుతానన్నాడు ప్రచురణకర్త. సరిగ్గా ఇవాళే రావాలా ఈ మాయదారి వెక్కిళ్ళు!

"ఎవరో మిమ్మల్ని మరీ గట్టిగా తలుచుకుంటున్నట్టున్నారు," అంది భార్య, రెండో గ్లాసు నీళ్ళు అందిస్తూ.

నీళ్ళు పనిచెయ్యలేదు. పంచదార పనిచెయ్యలేదు. ముక్కు మూసుకుని ఇరవై లెక్కపెడితే, పంతొమ్మిది దగ్గర అన్నిటికంటే పెద్దది వచ్చింది.

"భయపెడితే పోతాయి," అంటూ కూతురు వెనకనుంచి వచ్చి చెవి దగ్గర కాగితం సంచీ పేల్చింది.

"ఇది ఉత్త చప్పుడు... హిక్... ఉలికిపాటు కాదు," అన్నారు మాస్టారు. ప్రాణం మీదికొచ్చినా అర్థంలో తేడా ఒప్పుకునే మనిషి కాదు.

భార్య స్టీలు పళ్ళెం నేలకేసి కొట్టింది. కింది వాటావాళ్ళు హడలిపోయి పైకి పరిగెత్తుకొచ్చారు గాని మాస్టారు చలించలేదు. "మా పెద్దమ్మ మూడు నెలలు ఉండిపోవడానికి వస్తోంది," అని ఆవిడ ఆఖరి అస్త్రం కూడా వేసింది. మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. మళ్ళీ హిక్.

అప్పుడు ఊడిపడ్డాడు బావమరిది. అక్క పురమాయిస్తే పొద్దుటినుంచీ ఇల్లు దులుపుతున్నాడు. జుట్టు నిండా బూజు, మొహం నిండా ముచ్చెమటలు.

"బావా, ఒక్క మాట..."

"నీ మాటలు తర్వాత!" కసిరింది అక్క. "ముందు మీ బావ వెక్కిళ్ళు ఆగే ఉపాయం చూడు."

బావమరిది గోడ పట్టుకున్నాడు.

"అటక మీద నలభై చెప్పుల డబ్బాలున్నాయి చూడు బావా... చిత్తుకాగితాలనుకుని పాత కాగితాల బండికి వేసేశాను."

మాస్టారు కుర్చీలోంచి జానెడు ఎత్తు ఎగిరిపడ్డారు. గుండె గుభేలుమంది. గదిలో ఉలుకూ పలుకూ లేదు.

వెక్కిళ్ళూ లేవు.

"ఆగిపోయాయి!" కూతురు చప్పట్లు కొట్టింది. "మామయ్యా, ఏం నటించావు! ఆ కళ్ళలో నీళ్ళెలా తెప్పించావు?"

"ఓరి నీ అసాధ్యం కూలా! ప్రాణం తీశావు కదరా!" మాస్టారు నవ్వి బావమరిదిని వాటేసుకున్నారు. అప్పటికే నాలుగున్నర. "పద, ముందు వరుసలో కూర్చుందువుగాని."

బావమరిది ఏదో గొణిగి, మాస్టారి సైకిలు తీసుకుని తుర్రుమన్నాడు.

"మెచ్చుకుంటే వీడికి ఎక్కడలేని సిగ్గు," అంది అక్క మురిసిపోతూ.

ఉపన్యాసం అదిరిపోయింది. "ఉలుకూ పలుకూ లేదంటాం కదా! ఉలుకంటే కదలడమే. ముందు ఒళ్ళు ఎగిరిపడుతుంది. భయం వెనకాల తీరిగ్గా వస్తుంది. ఇవాళే మా బావమరిది నాకీ పాఠం చెప్పాడు," అంటూ మాస్టారు డబ్బాల కథ వినిపించారు. సభ కడుపుబ్బ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విన ప్రచురణకర్త వేదికెక్కి, మైకు లాక్కున్నాడు.

"అచ్చు వేస్తున్నాను! ఆ నలభై డబ్బాల కోసం రేపు పొద్దున్నే మనుషుల్ని పంపిస్తాను."

చప్పట్ల హోరులో మాస్టారి జేబులో ఫోను వణికింది. బావమరిది సందేశం.

"బావా, పాత కాగితాల గోడౌనులో ముప్ఫై ఒకటి దొరికాయి, మిగతా తొమ్మిదీ ఎక్కించిన లారీ ఇప్పుడే కదిలింది, నీ సైకిలు మీద దాని వెనకే పోతున్నా, నువ్వు మాత్రం ఉపన్యాసం ఆపకు."