పదకొండు జతలు

"మీ బోర్డు కిందే దిగారండీ," అంటూ రేవు కమిటీ అధ్యక్షుడు బసవపున్నయ్య ఫోను తిప్పి చూపించాడు.

ఫొటోలో ఇద్దరు కుర్రాళ్లు. వెనక ఎర్రబోర్డు మీద పుర్రె బొమ్మ, ‘ప్రమాదం, లోతు ఎక్కువ’ అన్న పెద్దక్షరాలు. ఆ పుర్రెకి పోటీగా పళ్లికిలించి మరీ సెల్ఫీ తీసుకున్నారు. ఆ తర్వాత పది నిమిషాలకి ఇద్దరూ కృష్ణలో మునిగిపోయారు.

జానకిరామ్ ఆ ఫొటోని పెద్దది చేసి చూశాడు. విజయవాడలో ఓ చిన్న ప్రకటనల కంపెనీలో వ్యూహాలు అల్లడం అతని పని. పచ్చళ్ల నుంచి ప్లాట్ల దాకా దేన్నైనా అమ్మించగలడని పేరు. అలాంటివాడు, ఇబ్రహీంపట్నం దగ్గర ఈ రేవులో జనం లోతుకి దిగకుండా చూడమంటే మాత్రం, అందరూ పెట్టే పుర్రె బొమ్మే పెట్టించి చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు ఆ ఇద్దరి నవ్వులూ కళ్ల ముందు నుంచి కదలడం లేదు. వాళ్లతో కలిపి ఏడాదిలో పోయినవాళ్లు పదకొండు మంది.

మే నెల వస్తోంది. ఎండలు, సెలవులు, రేవు నిండా జనం. ఇంకొక్క ప్రాణం పోతే తను తట్టుకోలేడు. పైసా ఇవ్వొద్దు, ఇంకొక్క అవకాశం ఇవ్వండని బసవపున్నయ్యను బతిమాలుకున్నాడు. ఆయన అయిష్టంగానే నెల రోజులు గడువిచ్చాడు.

మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. కంచె వేస్తే దూకుతారు. సైరన్ పెడితే రెండ్రోజుల్లో చెవులకి అలవాటైపోతుంది. భయపెట్టే బొమ్మ పెడితే ఏమవుతుందో చూశాడు. నాలుగో రోజు పొద్దున్నే రేవుకి పోయి, పడవ నడిపే కొండలయ్య పక్కన కూలబడ్డాడు. మునిగినవాళ్లను బయటికి తీసేది ఆయనే. అసలు ఎవరైనా పోయారని మీకెలా తెలుస్తుందని అడిగాడు.

"చెప్పుల్ని బట్టేనండీ," అన్నాడు కొండలయ్య. "ఎవరైనా మెట్ల మీద ఇడిచే కదండీ దిగుతారు. పొద్దుగూకేసరికి ఓ జత మిగిలిపోయిందంటే ఇక నేను వల తీసుకోవడమే. సగం మంది ఈతకి కూడా కాదండీ, కాళ్లు కడుక్కోబోయి జారినోళ్లే."

జానకిరామ్ మెట్ల కేసి చూశాడు. వెతుకుతున్నది దొరికింది.

మర్నాడు వన్ టౌన్ అంతా తిరిగి, అరిగిపోయిన పాత చెప్పులు పదకొండు జతలు కొన్నాడు. హవాయి చెప్పులు, స్కూలు బూట్లు, ఓ ఆడపిల్ల శాండిల్స్. అప్పుడే ఎవరో విడిచి వెళ్లినట్టు మెట్ల మీద అక్కడో జత, ఇక్కడో జత పెట్టాడు. మెట్లకి అంటించలేదు. అంటిస్తే బొమ్మల కొలువులా ఉంటుందని అతని భయం. పక్కన చిన్న పలక: ‘ఈ చెప్పులు విడిచినవాళ్లు తిరిగి రాలేదు.’

అది చదివినవాళ్లు చదివినచోటే ఆగిపోయారు. తల్లులు పిల్లల రెక్కలు పట్టుకున్నారు. కాలేజీ కుర్రాళ్లు కూడా పైమెట్టు మీదే చెంబులతో నీళ్లు పోసుకుని వెళ్లిపోయారు. పోయినవాళ్ల చెప్పులు ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? మొదటి వారం రోజూ వచ్చి లెక్కపెట్టుకున్న జానకిరామ్, ఒక్కటీ కదలడం లేదని తేలాక ఆ పని మానేశాడు. కానీ పొద్దున్నే కొండలయ్యకి ఫోన్ చేసి, "వల తియ్యలేదండీ" అన్న మాట వింటేగానీ కాఫీ గొంతు దిగేది కాదు.

నెలాఖరు రోజు సాయంత్రం రేవులో ఒకావిడ కనిపించినవాళ్లందరికీ ఫొటో చూపిస్తోంది. పేరు పేరమ్మ, ఊరు పామర్రు. కొడుకు బాబీకి పంతొమ్మిదేళ్లు. అమ్మవారి దర్శనమైంది, కృష్ణ ఒడ్డుకెళ్లి వచ్చేస్తానని మొన్న ఫోన్ చేశాడట. అప్పట్నుంచి ఫోను పలకడం లేదు. అన్ని రేవులూ తిరుగుతోంది. కొండలయ్య తనకేమీ కనబడలేదన్నాడు. జానకిరామ్ ఆమెకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

"నెల రోజులుగా ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదమ్మా. మీవాడు ఏ స్నేహితుడి గదిలోనో ఉండుంటాడు. బస్టాండు వైపు అడిగి చూడండి."

"నిజమేనా బాబూ?"

"నాదీ పూచీ."

ఆమె ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. దండం పెట్టి ఆటో ఎక్కింది.

కాసేపటికి బసవపున్నయ్య శాలువాతో వచ్చాడు. నెలంతా ఒక్క ప్రమాదం లేదని, ఈ పదకొండు జతలకీ కమిటీ తరఫున అద్దాల పెట్టె చేయించి ఎప్పటికీ ఇక్కడే ఉంచుతామని అందరి ముందూ చెప్పాడు. జానకిరామ్ కళ్లు చెమర్చాయి. ఆ ఇద్దరి నవ్వులూ తలుచుకున్నా గుండె పిండేయకపోవడం ఇదే మొదటిసారి.

వడ్రంగి పెట్టె కొలతలకి చెప్పులన్నీ కావాలన్నాడు. శాలువా భుజాన ఉండగానే జానకిరామ్ మెట్లు దిగి, ఒక్కో జతా ఏరి గోతాంలో వేస్తూ లెక్కపెట్టాడు. గోతాం మెట్ల మీద గుమ్మరించి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

పన్నెండు జతలున్నాయి.