కిటికీ దగ్గరి టోస్టర్

“టోస్టర్ని కిటికీ దగ్గర పెట్టించింది నువ్వేగా! ఇప్పుడా మొహమేంటే పిల్లా?” అంది వృద్ధాశ్రమం వంటగదిలో ఎనిడ్.

ఫైర్ స్టేషన్ కెప్టెన్ గ్లెనిస్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

“అంతకుముందు మీ రొట్టెల పొగకి అలారం మోగి, నెలకి నలభైసార్లు పరిగెత్తుకొచ్చేవాళ్లం. పోయిన నెల రెండుసార్లే.”

“మంచిదేగా!”

“హెడ్డాఫీసూ అదే అంది. పనిలేని ఊరికి రెండు ఫైరింజన్లెందుకట. ఈ నెల నివేదికా అలాగే ఉంటే ఒకటి పట్టుకుపోతారు.”

“నిజంగా అంటుకుంటే?”

“ఒక్క బండితో ఈ మూడంతస్తులూ ఖాళీ చేయించలేం పెద్దమ్మా. రెండోది పక్క ఊరి నుంచి రావడానికి గంట.”

“మంటలు రాకుండా ఆపావని రాయలేకపోయావా?”

“నివేదిక ఫారంలో దానికి గడి లేదు.”

ఎనిడ్ రొట్టె మీద రాసుకునే వెజిమైట్ సీసా పక్కకి జరిపి, టోస్టర్‌ని తెచ్చి అలారం కింద పెట్టింది.

“అది తప్పు పెద్దమ్మా,” అంది గ్లెనిస్. తన గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు.

“ఇక్కడ ఇరవైమందిమి ఉన్నాం. మనిషికి రెండుసార్లు మాడిస్తే చాలా?”

గ్లెనిస్ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది.

“నెలాఖరుకి మూడు రోజులే ఉన్నాయి,” అంది. “త్వరగా కానివ్వండి.”