అడ్డం తిరిగిన గుండు

గురి కాగితం మీద రంధ్రం గుండ్రంగా లేదు. కోలగా చిరిగి ఉంది. అదీ నడిమి చుక్కకు బెత్తెడు దూరంలో.

కోచ్ వీరభద్ర, ఆరాధన చేతిలోంచి ఎయిర్ రైఫిల్ తీసుకుని గొట్టంలోకి ఒంటి కన్నుతో చూశాడు.

"లోపల మెలితిరిగిన గీతలుండాల పాపా. అవే గుండును బొంగరం మాదిరి తిప్పి పంపేది. అన్నీ అరిగిపోయినాయి. తిరుగుడు లేకుంటే గుండు గాలికి పల్టీ కొట్టి, ఇట్లా అడ్డంగా తగుల్తాది."

"నిన్న సాయంత్రం దాకా బాగుండె సార్. పొద్దున తనిఖీకని మీ చేతికిస్తి."

కర్నూలులో జిల్లా స్థాయి ఎంపిక పోటీ అది. గెలిస్తే రాష్ట్ర జట్టు, క్రీడల కోటాలో కాలేజీ సీటు. ఓడితే క్రిస్మస్ కాగానే అమ్మానాన్నలతో గుంటూరుకు మిరపకాయలు కోయను మూట కట్టాలి. ఆలూరు పక్క పిల్లలకు మూడో దారి ఎవరు వేశారు గనక.

"ఏమంటాండావు నువ్వు?" అన్నాడు కోచ్.

"మీ చెల్లెలి బిడ్డ సాహితి గెలిచింది కదా. చర్చి ఊడ్చేటోని బిడ్డ యాడ గెలుస్తాదోనని కండ్లల్లో నిప్పులు పోసుకుంటిరి."

వీరభద్ర ముఖం మాడిపోయింది. ఆ రైఫిల్ ఆయన సొంతం. ఇంటి దగ్గర సాధన చేసుకోమని ఆమెకు ఇచ్చి పంపిందీ ఆయనే. పాపం, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

"రేపట్నుంచి రావద్దు తల్లీ" అని రైఫిల్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఉన్న మాట మొహాన అనేశానని ఆరాధన తలెత్తుకునే గేటు దాటింది.

తోడొచ్చిన నాయన ఏసన్న గోడ పక్కన కాచుకుని ఉన్నాడు. పండగకని చర్చి ఇత్తడి సామాన్లన్నీ తోమిన చేతులు, గోళ్లలో ఎర్రటి ఇటుకపొడి ఇంకా వదల్లేదు. ఆయన తోమితే ఏదైనా అద్దమేనని పాస్టరుగారే మెచ్చుకుంటారు.

"గెలిచినావా పాపా?"

ఆరాధన ముందుకు నడిచింది. ఆయన వెనకే వచ్చాడు.

"గెలవకేం. రాత్రి నువ్వు పండుకున్నంక తుపాకీ గొట్టంలోకి చూస్తి. లోపలంతా గీతలు గీతలుగా ఉండాది. కమ్మికి టెంకాయ పీచు చుట్టి, ఇటుకపొడేసి, ఒక్క గీత లేకుండా తోమినా."