పసుపు వెలుతురులో పెళ్ళిచూపులు

కంప్యూటర్ చిప్పుల కంపెనీ మొదట్లో ఒక షెడ్డంతే ఉండేది. ఎదిగీ ఎదిగీ బజారు మింగింది, మా వీధి మింగింది, చివరికి ఊరంతటికీ కప్పు వేసేసింది. తెల్ల వెలుతురు తగిలితే చిప్పులు పాడవుతాయట. అందుకని వంటింట్లోనూ గుళ్ళోనూ పసుపు లైట్లే. పాలు కూడా పసుపుగానే కనిపిస్తాయి. ఏం చేస్తాం, తాగేస్తున్నాం.

ఆ లైట్ల కిందే మా మనవరాలు సువర్చలకి పెళ్ళిచూపులు పెట్టాం. పెళ్ళికొడుకు కంపెనీలో పెద్ద ఇంజనీరు. వాళ్ళమ్మ కాంతమ్మగారు జంతికలు నములుతూ పిల్ల మొహంలో మొహం పెట్టి చూసింది.

"తెలుపో చామనచాయో ఎలా తెలుస్తుందండీ? అందరం పసుపుకొమ్ముల్లా ఉన్నాం!"

"ఇంకెప్పటికీ తెలియనిదానికి బెంగెందుకు కాంతమ్మగారూ?" అన్నాను.

"అలా అంటే ఎలా? తెలియాలి కదండీ!"

సువర్చల లేచింది. గేటు బయట లారీల దగ్గర డ్యూటీ దానిది. "రండత్తయ్యగారూ, బయట ఎండుంది, చూద్దురుగాని. మీ అబ్బాయినీ తీసుకురండి."

అందరం గేటు దాటాం. కాంతమ్మగారు దాని చెయ్యి ఎండలో తిప్పి చూసి, "చామనచాయే," అని పెదవి విరిచింది. ఇంతలో వెనక నుంచి కెవ్వుమని కేక. కప్పు కిందే పుట్టి పెరిగిన ఆ పిల్లాడు ఎండ చూడ్డం అదే మొదలు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని నేలమీద కూలబడ్డాడు.

"అమ్మా, ఆ లైటు ఆర్పెయ్యమను!"

కాంతమ్మగారు పరుగెత్తి కొడుకు నెత్తిన కొంగు కప్పింది. సువర్చల వాడికేసి తేరిపార చూసి, ఆవిడకి వంగి దణ్ణం పెట్టింది.

"మంచిదండీ. ఇంటికెళ్ళి ఏ సంగతీ కబురు పెడతాం," అంది మా పిల్ల.