గొడుగుల కొట్టు చిరునామా

ఏడో నంబరుకు ఒక పేరుంది గానీ, వెబ్‌సైట్లకు చోటిచ్చే ఆ హోస్టింగ్ కంపెనీలో దానితో ఎవరికీ పనిలేదు. చాట్‌లో కూర్చుని సాయం చేసేవాళ్ళంతా నంబర్లే. కస్టమర్ తెర మీద "సహాయకుడు 7" అని కనిపిస్తుంది, అంతే.

ఎంతటి కస్టమర్‌నైనా నాలుగు నిమిషాల్లో సాగనంపడంలో అతనికి ఆఫీసులో సాటి లేరు. అలాంటివాడు సోమవారం పొద్దున వచ్చిన గొడుగుల కొట్టావిడను శుక్రవారం దాకా వదల్లేదు.

"నాకు గొడుగులు కుట్టి బాగుచేసే కొట్టుంది," అని ఆవిడ రాసింది. "మా వెబ్‌సైటు ఉన్న కంపెనీ ఈ శుక్రవారం సాయంత్రంతో మూతపడుతోంది. సైటును మీ దగ్గరికి మార్చుకోవాలి. చిరునామా మాత్రం అదే ఉండాలి. రెండు వారాల్లో వానలు. మా ఏడాది పనంతా అప్పుడే."

చిరునామా ఏమిటో రాయమన్నాడు. ఆవిడ రాసింది.

ఏడో నంబరు దాన్ని అక్షరం అక్షరం రెండుసార్లు చదివాడు.

"ఉన్నారా?" అని ఆవిడ అడిగింది.

"ఉన్నానండి."

సైటును దిద్దుకోవడానికి కంపెనీ దగ్గర మూడు రకాల ఎడిటర్లు ఉన్నాయి. మొదటిదాంట్లో బొమ్మల్ని లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఆవిడ ఓ పూట వాడి చూసి, "గొడుగు బొమ్మ పెడితే ఫోన్ నంబరు దాని కింద దూరింది. ఎంత లాగినా బయటికి రాదు," అని రాసింది. రెండోది అన్నీ తనే చేసిపెడుతుంది. కొట్టు గురించి నాలుగు ముక్కలు చెప్పగానే, "మీ కలలకు నీడ" అని పెద్దక్షరాలతో పేజీ తయారుచేసింది.

"నేను కలలు కుట్టను," అంది ఆవిడ.

మూడోది పాతకాలపుది. తెల్ల పేజీ, ఆరు బటన్లు. ప్రతి బటను మీదా అదేం చేస్తుందో రాసుంటుంది.

"ఇదే నాకు కావలసింది. ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే వినేవారు కాదనుకున్నానండి."

"అదీ నిజమేలెండి," అంది ఆవిడ.

ఆ ఎడిటరు వాడటం నేర్పే పన్నెండు నిమిషాల వీడియో ఒకటుంది. అందరికీ దాని లింకు పడేస్తారు. ఏడో నంబరు మాత్రం దాన్ని ఆపుతూ, నడుపుతూ చూసి, మొత్తం రెండు పేజీల్లో రాసి పంపాడు. ఎవరు ఒక్కో కస్టమర్‌తో ఎంతసేపు గడుపుతున్నారో చూపే గోడ మీది బోర్డులో అతని నంబరు ఎర్రగా మారింది. సూపర్‌వైజరు వచ్చి బోర్డు వంకా అతని వంకా చూసి, ఏదో పొరపాటయి ఉంటుందని బోర్డును ఆపి మళ్ళీ ఆన్ చేయించాడు.

పక్క సీట్లో కూర్చునే ఐదో నంబరు పెద్దావిడ. ఆవిడకి బోర్డుల మీద నమ్మకం లేదు.

"ఏమయ్యా ఏడూ, లింకు పంపితే పోయేదానికి ఈ రాతకోతలేంటి?"

"రాసి పంపితే తేలిగ్గా అర్థమవుతుందండి."

"మొహం చూడలేదు, గొంతు వినలేదు. అప్పుడే ఇంత దూరం వచ్చిందా?"

అతను కాదనలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ సంగతి ఆఫీసంతా పాకింది.

మర్నాడు గొడుగుల కొట్టావిడ రాసింది. "వీడియో పంపకుండా మంచి పని చేశారు. నాకు చెవులు వినపడవు. ఎక్కడికెళ్ళినా వీడియోలే అంటగడతారు."

"మా కంపెనీ పద్ధతే అదండి," అని ఏడో నంబరు తొణక్కుండా అబద్ధమాడాడు.

గురువారం పాత పేజీలు ఒక్కొక్కటే తెచ్చుకున్నారు. "మా గురించి" అనే పేజీలో ఒక ఫొటో ఉంది. కొట్టు ముందు ఒకే గొడుగు కింద ఇద్దరు.

"ఈ ఫొటో తీసేయమంటారా?"

"ఉంచండి. పక్కనున్నది మా అన్నయ్య. ఈ సైటు చేసిందీ, నాకు గొడుగు పుల్ల వంచడం నేర్పిందీ తనే. కొట్టు అమ్మేద్దామన్నాడు. నేను కుదరదన్నాను. లేచి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళయింది మాటల్లేక."

ఫొటో తిన్నగా వచ్చిందో లేదో ఏడో నంబరు చూశాడు. వచ్చింది. ఆ మాటే రాశాడు.

శుక్రవారానికి ఇక చిరునామా ఒక్కటే మిగిలింది. అది ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకు మంగళవారమే మెయిలు వెళ్ళింది. అందులో "అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కితే చిరునామా కొత్త చోటికి వస్తుంది. నొక్కకపోతే పాత కంపెనీతో పాటే పోతుంది. ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు.

"అది మా అన్నయ్య పేరు మీదే ఉంది," అని ఆవిడ రాసింది. "నొక్కడు."

"ఓసారి మీరే అడిగి చూడకూడదా?"

"మీకు తెలీదు. తనది మహా పంతం."

ఏడో నంబరు ఒక వాక్యం టైప్ చేశాడు. చెరిపేశాడు. "ఐదింటికి మూతపడుతుందండి. ఇప్పుడు నాలుగూ ఇరవై," అని మాత్రం పంపాడు.

ఆవిడ ఏదో రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు ఆడాయి. ఆగాయి. మళ్ళీ ఆడాయి. ఐదో నంబరు కుర్చీ ఇటు జరుపుకుంది.

"ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనలేదండి."

నాలుగూ నలభైకి జవాబొచ్చింది.

"సరే, మెసేజ్ పెట్టాను. 'అన్నయ్యా, కొట్టు పేరు పోయేలా ఉంది, ఒక్కసారి నొక్కు' అని. ఆరేళ్ళలో ఇదే మొదటి మాట. ఇక తనిష్టం."

"ఒక్క నిమిషం ఉండండి," అని రాసి, ఏడో నంబరు చొక్కా జేబులోంచి సొంత ఫోను తీసి, మంగళవారం నుంచీ తెరవకుండా పెట్టుకున్న మెయిలు తెరిచి, చెల్లెలు చెప్పినట్టే ఒక్కసారి నొక్కాడు.